సమాధానం: బండి సర్దే ఆటలో పిల్లలు ఏదీ వదులుకోవడం లేదంటే

టీచర్ గారూ, ఒరెగాన్ ట్రెయిల్ (19వ శతాబ్దంలో అమెరికాలో వలసకుటుంబాలు బండ్లు కట్టుకుని పడమటికి పోయిన దారి) పాఠానికి బండి సర్దే ఆట పెడితే పిల్లలు పియానోతో సహా అన్నీ ఎక్కించేస్తున్నారని రాశారు. బరువుకు హద్దు లేకపోవడమే కారణం. నేలమీద టేపుతో 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గీయండి. మొత్తం 900 కిలోలు దాటకూడదని చెప్పండి.

ముందు తిండి ఎక్కించమనండి. 1845లో అచ్చయిన ఒక వలసగైడు లెక్కన పెద్దవాళ్లు ఒక్కొక్కరికి పిండి 90 కిలోలు, బేకన్ (ఉప్పువేసి నిల్వచేసిన పందిమాంసం) 68, పంచదార 9, కాఫీ, ఉప్పు నాలుగున్నర చొప్పున. మనిషికి 176, నలుగురికి 704! మిగిలిన 196 కిలోల్లోనే పనిముట్లు, పరుపులు, వంటసామాను, నీళ్ల పీపా అన్నీ పట్టాలి. ఇనప పొయ్యి కావాలంటే ఏది దించాలో అప్పుడు వాళ్లే వాదించుకుంటారు. దారిలోని మజిలీ కోట ఫోర్ట్ లారమీ చేరేసరికి ఎద్దొకటి చచ్చిందని చెప్పి ఇంకో 150 కిలోలు దింపించండి. ఆ దారిలో నిజంగానే సామాను అలా పారేసుకుంటూ పోయారు.

దారిలో కష్టాల చీటీలు తీయిస్తే మాత్రం దాడుల చీటీలు తగ్గించి కలరావి పెంచండి, ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది రోగాలే. మ్యాపులో బండిదారి గీసేటప్పుడే అక్కడి మూలవాసులైన పానీ, లకోటా, షైయెన్, షోషోన్ ప్రజల ప్రాంతాలను కూడా గుర్తించమనండి.