పాత కాన్వెంట్ హాస్టల్లో నలభై మందికి బస

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటున్నాం. జులై సెలవుల్లో పది కుటుంబాలం, పిల్లలతో కలిపి నలభై మందిమి, న్యూ నార్సియాలోని పాత బోర్డింగ్ స్కూల్లో రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. వంట మేమే చేసుకుంటాం. బుక్ చేసేముందు ఏమేం కనుక్కోవాలి?

జవాబు: చక్కటి చోటు ఎంచుకున్నారు. పెర్త్‌కు ఉత్తరాన 132 కిలోమీటర్లు. స్పెయిన్ దేశపు బెనెడిక్టైన్ సన్యాసులు 1847లో స్థాపించిన ఊరది. ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు సెయింట్ గెర్ట్రూడ్స్ 1908లో, మగపిల్లల సెయింట్ ఇల్డిఫాన్సస్ 1913లో మొదలయ్యాయి. 1991లో చదువులు ఆగిపోయాక ఆ హాస్టళ్లను బృందాల బసకు వాడుతున్నారు. ఏ భవనం ఇస్తారో, అందులో ఏ గదులు మీవో రాతపూర్వకంగా తీసుకోండి.

మంచాలు సరిపోతే చాలనుకోకండి, అసలు చిక్కు వేణ్నీళ్లతో వస్తుంది. షవర్ నిమిషానికి 9 లీటర్లు పోస్తే, మనిషికి ఐదు నిమిషాల చొప్పున నలభై మందికి 1,800 లీటర్లు కావాలి. జులై చలికి అందులో సగం పైన వేడినీళ్లే. 400 లీటర్ల ట్యాంకైతే పదహారు, పదిహేడు మందికే ఖాళీ అవుతుంది. మళ్లీ కాగడానికి గంటలు పడుతుంది. అందుకే ట్యాంకు ఎంతదో, కరెంటుదా గ్యాసుదా అని ముందే అడగండి. పిల్లలకు రాత్రే స్నానాలు కానిచ్చేయండి.

వంటగది మీకే ఇస్తారా, వాళ్ల భోజనమే తీసుకోవాలా అన్నది మొదట తేల్చుకోండి. వండుకోనిస్తే పూటకు అయిదు కిలోల బియ్యం లెక్క. అక్కడి మామూలు ప్లగ్గు 10 ఆంపియర్లది. రెండు పెద్ద రైస్ కుక్కర్లు ఒకే లైను మీద పెడితే బ్రేకర్ పడిపోవచ్చు, వేర్వేరు లైన్లలో పెట్టండి. పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, హాలు వైపు తలుపు మూయండి. మిరపకాయల పొగకు అలారం మోగిందంటే ఫైరింజన్ దాకా కబురు వెళ్లొచ్చు, దానికి బిల్లు మీకే రావచ్చు. అలారం మీద మాత్రం గుడ్డ కప్పకండి, పడకగదుల్లో అగరొత్తులు, దీపాలు వద్దు. పాత కట్టడాల్లో కలప ఎక్కువ.

బంకు మంచాలుంటే తొమ్మిదేళ్లలోపు పిల్లల్ని పై మంచం మీద పడుకోబెట్టొద్దు. ఎత్తైన కప్పుల గదులు త్వరగా వెచ్చబడవు. దుప్పట్లు ఇస్తామన్నా ఇంకో జత పట్టుకెళ్లండి. పుట్టినరోజు తోరణాలకు గోడలమీద టేపు అంటించకండి, ఊడదీస్తే పాత రంగు పెచ్చులుగా లేచొస్తుంది.

అక్కడ సన్యాసులు ఇప్పటికీ ఉన్నారు, ప్రార్థన వేళల్లో మైకులు, ఆటలు ఆపాలి. ఆదివాసీ పిల్లల్ని అనాథాశ్రమాల్లో ఉంచి పెంచిన ఊరు కూడా అదే. ఆ చరిత్ర మ్యూజియంలో పిల్లలకు చూపించండి. గైడు కావాలంటే గదులతోపాటే అడిగి పెట్టుకోండి.