అల్ప్రాజోలం, క్లోనజెపాం, లోరాజెపాం, డయాజెపాం: ఏది ఎంతసేపు పనిచేస్తుంది?

ఆందోళన తగ్గించే ఈ నాలుగు మందుల్లో ఏది బలమైనది, ఏది ఎక్కువసేపు ఉంటుంది అని అడిగారు. మొదటి మూడూ పానిక్ అటాక్‌లకి డాక్టర్ రాయగా వేర్వేరు కాలాల్లో వాడాను. డయాజెపాం నడుం పట్టేసినప్పుడు కొన్నాళ్లే వేసుకున్నాను.

అల్ప్రాజోలం వేసుకుంటే గంటలోపే గుండెదడ తగ్గేది. కానీ సాయంత్రానికల్లా, తర్వాతి మాత్ర వేళ కాకముందే, ఆందోళన మళ్లీ తన్నుకొచ్చేది. జబ్బు ముదిరిందేమోనని హడలిపోయాను. మందు దిగిపోతున్నప్పుడు ఇలా అవుతుందని డాక్టర్ చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాను. రక్తంలో దీని మోతాదు సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది, మనకి తెలిసే ఉపశమనం మాత్రం అంతకన్నా చాలా ముందే అయిపోతుంది.

అందుకే నన్ను క్లోనజెపాంకి మార్చారు. దీనికి ఆ సగం కావడానికి 30 నుంచి 40 గంటలు. ఆ ఎగుడుదిగుళ్లు పోయాయి, బదులుగా పొద్దున్నే తల బరువు మొదలైంది. నాకైతే ఆ బరువే నయమనిపించింది.

లోరాజెపాం గడియారం అల్ప్రాజోలంకి దగ్గరగానే ఉంటుంది. అయితే కాలేయంలో చురుకైన పదార్థాలేవీ మిగల్చకుండా విరుగుతుంది కాబట్టి కాలేయం దెబ్బతిన్నవాళ్లకి తరచూ దీన్నే ఎంచుతారు.

డయాజెపాం లెక్క వేరు. త్వరగా మెదడుకి చేరి, అంతే త్వరగా కొవ్వులోకి జారుకుంటుంది. అందుకని ఒక్క మాత్ర ప్రభావం కొద్దిగంటలే అనిపిస్తుంది. రోజూ వేసుకుంటే మాత్రం అదీ, దాని నుంచి పుట్టే నార్‌డయాజెపాం కూడా ఒంట్లో పేరుకుని రోజుల తరబడి ఉండిపోతాయి. మత్తు వదిలిందని వెంటనే బండి తీయకండి.

బలం విషయంలో మిల్లీగ్రాముల అంకెలు చూసి మోసపోవద్దు. 0.5 మిల్లీగ్రాముల అల్ప్రాజోలం ఉజ్జాయింపుగా 10 మిల్లీగ్రాముల డయాజెపాంకి సమానమని చెబుతారు. "చిన్న మాత్రే కదా" అని ఇంట్లోవాళ్ల మందు తీసి వేసుకోవడం అందుకే ప్రమాదం. మద్యంతోనో, ట్రమడాల్ లాంటి నొప్పి మందులతోనో కలిస్తే ఊపిరి ఆగిపోయే పరిస్థితి రావచ్చు.

ఇప్పటికే రోజూ వాడుతుంటే ఉన్నపళంగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. నాకు నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. చివరి పావు మాత్ర దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ రోజులు ఆగాల్సి వచ్చింది. మీ డాక్టర్ తొందర పెడుతుంటే, ఇంకా నెమ్మదిగా తగ్గించమని నిస్సంకోచంగా అడగండి.