నెడుముడి వేణు గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నెడుముడి వేణు గారి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో చదివాను. మలయాళం రాని తెలుగు పిల్ల, అక్కడి నటుడు పోయిన బాధను మనసులో పెట్టుకుని ఇన్ని పేజీలు రాసిందే అనిపించింది. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. మూడోసారి పెన్సిలు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. గీతలు గీసి పంపితే నువ్వు బుద్ధిగా దిద్దుకుని ఊరుకుంటావు. నేను చెప్పదలచుకున్నది దిద్దుబాటుతో తీరేది కాదు.

నీ మొదటి పేజీలో ఆయన మరణం చలనచిత్ర రంగానికి తీరని లోటు అన్నావు. ఆ వెంటనే నట దిగ్గజం, కళామతల్లి ముద్దుబిడ్డ, నటనకు నిలువెత్తు నిర్వచనం అన్నావు. ఇవి అబద్ధాలని నేను అనను. ఎప్పటి నుంచో మన పత్రికల్లో ఉన్న మాటలే. పందిట్లోకి అద్దెకు తెచ్చే కుర్చీల్లాంటివి. నిన్న ఒకరింట్లో వేశారు, రేపు మరొకరింట్లో వేస్తారు. ఆయన పేరు తీసి ఇంకొక నటుడి పేరు పెట్టి ఆ పేజీ చదువు. ఒక్క మాట కూడా మార్చే పని ఉండదు. అంటే ఆ పేజీలో ఆయన లేనట్టే కదా.

నేనూ ఆ పని చేసినవాడినే. పత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో, పద్యనాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు పోతే నివాళి రాయమన్నారు. గంటలో రాసిచ్చాను. వారం తర్వాత పలకరించడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య దిండు కింద దాచుకున్న ఆ కాగితం తీసి, మడత విప్పి, "అంతా బాగుంది నాయనా, ఆయన చిటికెన వేలి సంగతి రాయలేదేం?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. చిన్నతనంలో బండి చక్రం కింద పడి ఆయన కుడిచేతి చిటికెన వేలు వంకర పోయిందట. పై మెట్ల మీదికి ఆ వేలు చాలకపోతే చెయ్యి మొత్తం ఒక్క కుదుపుతో పక్కకు జరిపేవారట. ఆ కుదుపుకు పద్యం చివర రాగం ఒక రకంగా విరిగేది. నాటకాలవాళ్లు దాన్ని ఆయన బాణీ అనేవారు. వేదిక పక్కనే కూర్చుని ఆ విరుపు ఎన్ని రాత్రులు విన్నానో లెక్కలేదు. ఆ వేలు మాత్రం చూడలేదు. ఆవిడ నన్ను తప్పు పట్టలేదు, అడిగారంతే. ఇన్నేళ్లయినా పోయినవారి గురించి రాయడానికి కూర్చుంటే ముందు ఆ వేలే గుర్తుకొస్తుంది.

నీ వ్యాసంలో అలాంటి వేలు ఏదని వెతికాను.

వివరాలు బోలెడు పెట్టావు. 1948 మే 22న పుట్టారని, 2021 అక్టోబరు 11న తిరువనంతపురంలో 73 ఏళ్ల వయసులో కన్నుమూశారని, 500కు పైగా సినిమాల్లో నటించారని, శాంతికవాడంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయని. అన్నీ సరైనవే. కానీ తేదీ ఒంటరిగా నిలబడితే మూగది. దాని పక్కన మరొక విషయం తెచ్చి పెడితేనే నోరు విప్పుతుంది. 1987లో భరతన్ దర్శకత్వంలో 'ఒరు మిన్నామినుంగింటె నురుంగువెట్టం' వచ్చింది. మిణుగురు పురుగు చిరువెలుగు అని చెప్పుకోవచ్చు. అందులో ఆయనది పదవీ విరమణ చేసిన బడిపంతులు పాత్ర. పిల్లలు లేరు, భార్యే లోకం. ఆ భార్యగా, ఆమె కూడా టీచరే, వేసింది మన తెనాలి శారద గారు. శారద గారు పుట్టింది 1945లో. అంటే ఆ ముసలి భర్త ఆమెకంటే మూడేళ్లు చిన్నవాడు. సినిమా వచ్చేనాటికి ఆయనకు నలభై కూడా నిండలేదు. నువ్వు రాసిన 1948 ఇప్పుడు మాట్లాడుతోంది చూశావా?

ఆ సినిమా నేను మద్రాసులో, పక్కింటి మలయాళీ కుటుంబం తెచ్చిన వీడియో క్యాసెట్‌లో చూశాను. అప్పుడు మా అమ్మ నా దగ్గరికి వచ్చి ఉంది. శారద ఉందంటే వచ్చి కూర్చుంది. భాష తెలియదు, కింద అక్షరాలూ లేవు. కాసేపు శారదనే చూసింది. తర్వాత తర్వాత ఆమెను వదిలేసి ఆయనను చూడటం మొదలుపెట్టింది. "ఈయన నిజంగా మాస్టారేనా?" అని అడిగింది. నటుడమ్మా, నలభై కూడా లేవు అంటే, "ఊరుకోరా" అంది. నమ్మలేదు. ఇంకాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు, "బడి గంట ఎక్కడైనా మోగుతుందేమోనని వింటూ నడుస్తున్నట్టు ఉన్నాడు. మీ నాన్నా అంతే. రోజూ తొమ్మిదిన్నరకు చొక్కా వేసుకుని గేటు దాకా వెళ్లి తిరిగి వస్తున్నారు" అంది. మా నాన్న హెడ్మాస్టరుగా రిటైరై అప్పటికి ఏడాది. ఆ ఏడాదిలో నేను నాలుగుసార్లు ఇంటికి వెళ్లి ఉంటాను. గేటు దాకా వెళ్లి రావడం నేనెప్పుడూ గమనించలేదు. కేరళలో ఎవరో భరతన్, ఎవరో వేణు కలిసి మా ఇంటి గేటు నాకు చూపించారు.

ఆయన ఎంత గొప్ప నటుడని నన్నెవరైనా అడిగితే అవార్డుల సంగతి తర్వాత, ముందు ఇదే చెబుతాను. నువ్వూ ఇలాంటిది చెప్పాలి. నీ దగ్గర ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆయన ఊరి గురించి. నెడుముడి ఊరి పేరని ఒక్క ముక్కలో రాసి దాటేశావు. అక్కడ ఆగాల్సింది. కుట్టనాడులో పంపా నది ఒడ్డున ఉంది ఆ ఊరు. సముద్రమట్టం కంటే దిగువ నేలలో నీటికి గట్లు కట్టి వరి పండించే సీమ అది. తెడ్ల వేటుకు సరిపడేలా పడవవాళ్లు పాడే వంచిప్పాట్టు అక్కడి గాలిలో ఉంటుంది. ఆ నీళ్ల మధ్య పెరిగినవాడు మృదంగం వాయించేవాడయ్యాడు. అదే సీమలోని కావాలం ఊరి కవి, నాటకకర్త కావాలం నారాయణ పణిక్కర్ బృందంలో చేరి, శరీరంతో తాళం పట్టడం నేర్చుకున్నాడు. ఆ బృందం వేసిన 'అవనవన్ కడంబ' నాటకానికి దర్శకుడు జి. అరవిందన్. ఆ అరవిందనే 1978లో 'తంబు'లో ఆయనను తెర మీదికి తెచ్చారు. ఒక ఊళ్లో సర్కస్ డేరా వేసి, ఆడి, విప్పుకుని వెళ్లిపోయే కథ. పాడైపోతున్న ఆ సినిమాను బాగుచేసి 2022 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో చూపించారు. అప్పటికి ఆయన పోయి ఏడు నెలలు.

ఈ తాళం సంగతి తెలిస్తే ఆయన నటన నీకు వేరేగా కనిపిస్తుంది. 1979 నాటి 'తకర'లో ఆయన చెల్లప్పన్ ఆశారి. ఆశారి అంటే వడ్రంగి. అమాయకుడైన తకరను మాటలతో ఎగదోసి ఊరి పెద్ద కూతురి మీద ఆశ పుట్టించేవాడు. రంపం లాగినట్టు మాటను సాగదీసి, ఉలి దెబ్బలా టక్కున ఆపుతాడు. ఆ ఆపడం దగ్గర మృదంగం వాయించే మనిషి తెలుస్తాడు. నువ్వు 'సహజ నటన' అని రాశావు. సహజం అనే మాట వాడినప్పుడల్లా అనుమానించు తల్లీ. వెనక ఎంత సాధన ఉందో చూడటం మానేసినప్పుడే మనకు ఆ మాట వస్తుంది.

ఇంకొకటి, ఆయన వినడం. 1990లో వచ్చిన 'హిజ్ హైనెస్ అబ్దుల్లా'లో ఆయనొక సంగీతప్రియుడైన రాజు. రాజును చంపడానికి కుదుర్చుకున్న మనిషి నంబూద్రి వేషంలో గాయకుడిగా కోటలోకి వస్తాడు. పాడేది మోహన్‌లాల్ పాత్ర. ఆ పాట ఎలాంటిదో మనకు తెలిసేది మాత్రం వింటున్న వేణు గారి ముఖంలో. ఆ పాత్రకే జాతీయ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. నీ వ్యాసంలో అవార్డు ఉంది, వినడం లేదు. ఆ వరుస తిరగెయ్యి.

ఒక్క అచ్చుతప్పు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. 1991 నాటి సినిమా పేరు 'భారతం' అని రాశావు. అది 'భరతం'. దీర్ఘం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి రాసినందువల్ల వచ్చిన తప్పు. దీర్ఘం పెడితే కౌరవులూ పాండవులూ వస్తారు. తీసేస్తే పాదుకలు నెత్తిన పెట్టుకున్న తమ్ముడు వస్తాడు. అన్నగా వేసింది వేణు గారు. ఆ అన్న పేరు రామనాథన్, పేరుమోసిన గాయకుడు, తాగుడుకు బానిసై కచేరీలో పాడలేని స్థితికి వస్తాడు. తమ్ముడు ఆ వేదిక మీద అన్న బదులు పాడవలసి వస్తుంది. అన్న స్థానంలో కూర్చోవలసి వచ్చిన భరతుడి బాధ అదంతా. తమ్ముడిగా వేసిన మోహన్‌లాల్‌కు ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. కానీ ఆ అన్న ముఖంలో తమ్ముడి పాట విన్న గర్వమూ, తన పాట పోయిన దుఃఖమూ ఒకేసారి లేకపోతే తమ్ముడి బాధకు ఆధారమే ఉండదు. రామాయణం తెలిసిన తెలుగు పాఠకుడికి ఒక్క పేరుతో అందే కథను నువ్వు ఒక్క దీర్ఘంతో పోగొట్టావు. అలాగే ఆయన జిల్లా ఆలప్పుళ. అలప్పుజా కాదు. మలయాళీల నోట పేర్లు ఎలా వినిపిస్తాయో తెలుసుకుని రాయి. మన లిపిలో 'ళ' ఉంది, మనకు ఆ అవకాశం ఉంది.

చూడని సినిమాల పేర్లు కొట్టేయి. నలభై పేర్లు రాశావు, నువ్వు చూసినవి ఐదో ఆరో అని నీ ఉత్తరంలో నువ్వే ఒప్పుకున్నావు. ఆ ఐదూ చాలు. ఎవరెవరు సంతాపం తెలిపారో కూడా తీసేయి.

ఆయన సినిమా నటుడు కాకముందు పత్రికలో పనిచేశారని నీకు తెలుసో లేదో. తిరువనంతపురంలో 'కళాకౌముది'లో విలేకరిగా ఉండి కళాకారుల గురించి రాసేవారు. ఇవాళ నువ్వు చేస్తున్న పనే. ఎదుటి మనిషి ఎలా కూర్చుంటాడు, ఏ మాట దగ్గర తడబడతాడు అని చూసే అలవాటు ఆయనకు ఆ రోజుల్లో ఎంత ఉపయోగపడి ఉంటుందోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పుడు నీ నాలుగో పేజీ. ఆయనను మన తెలుగువాళ్లు 'భారతీయుడు'లో సేనాపతిని వెతుక్కుంటూ వచ్చే సీబీఐ అధికారిగా, 'అపరిచితుడు'లో హీరో తండ్రిగా చూశారని రాశావు. ఇది నిజంగా మన సంగతి, ఇక్కడ నిదానించు. మనం ఆయన ముఖం చూశాం, గొంతు వినలేదు. తెలుగులో ఆయనకు వేరొకరు మాట్లాడారు. గొంతుతోనే జాతీయ అవార్డు తెచ్చుకున్న మనిషి ఆయన. కథకళిలో స్త్రీ పాత్రలకు పేరుపొందిన కోట్టక్కల్ శివరామన్ మీద తీసిన 'మినుక్కు' డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చెప్పినందుకు 2006 సంవత్సరానికి ఆ అవార్డు ఇచ్చారు. అలాంటి గొంతు లేకుండా, సగం మనిషిగా వచ్చినా ఆయన మన ఇళ్లలోకి రాగలిగారు.

ఆ పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. 'అపరిచితుడు టీవీలో వస్తుంటే, కరెంటు తీగ తగిలి చెల్లెలు చనిపోయే చోట మా నాన్న లేచి బయటికి వెళ్లిపోయేవారు.' అంతే రాసి, తర్వాతి వాక్యంలో మళ్లీ అవార్డులకు వెళ్లిపోయావు. అమ్మాయీ, నీ వ్యాసం మొత్తంలో నా చెయ్యి ఆగిన చోటు అదొక్కటే. మీ నాన్నగారు వెళ్లిపోయింది ఆ చావు చూడలేకా, బిడ్డను పోగొట్టుకున్న ఆ తండ్రి ముఖం చూడలేకా? ప్రతిసారీ వెళ్లిపోయేవారా? బయటికి వెళ్లి ఏం చేసేవారు? ఎంతసేపటికి లోపలికి వచ్చేవారు? నువ్వు అప్పుడు ఎంత పిల్లవో, టీవీ ఏ గదిలో ఉండేదో, మీ అమ్మ ఏమనేదో నాకు తెలియాలి. నీ మొదటి వాక్యం అదే కావాలి. వేణు గారు అక్కడి నుంచి నెమ్మదిగా రావాలి, ముందు ముఖంగా, తర్వాత పేరుగా, ఆ తర్వాత ఊరుగా, గొంతుగా.

దీనికి తొందర లేదు. వచ్చే అక్టోబరు 11కు అందకపోయినా ఫరవాలేదు. ముందు మీ ఊరు వెళ్లు. మీ నాన్నగారిని ఆ సంగతి అడుగు, నేరుగా కాకుండా, ఏ సాయంత్రమో పక్కన కూర్చుని. ఆయన చెప్పకపోతే ఒత్తిడి చేయకు. ఎలా చెప్పకుండా ఉన్నారో చూసి అదే రాయి. వీలైతే ఆయనతో కలిసి ఆ మిణుగురు సినిమా చూడు. శారద గారు ఉన్నారని చెబితే వస్తారేమో. ఆయన ఏమన్నారో నాకు రాయి, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు