క్వాలిటీ ఉద్యోగమంటే కాగితాల పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ పూర్తి చేసింది. ఆదిభట్లలో విమాన విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ ట్రైనీగా తీసుకున్నారు. డిజైన్ అయితే సరేగానీ, క్వాలిటీ అంటే ఫారాలు నింపడమేనని బంధువులు అంటున్నారు. చేరేలోపు ఏఎస్ 9100 (విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణం) సర్టిఫికెట్ కోర్సు చేయించమంటారా? ఫీజు బాగానే చెబుతున్నారు.
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ బంధువులు చెప్పింది సగం నిజమేనండీ. ఫారాలు చాలానే ఉంటాయి. మొదటి ఆరు నెలలు అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి విసుక్కున్నా కంగారుపడకండి. కానీ ఆ ఫారాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే మీరు ఈ ఉద్యోగాన్ని ఇంత తేలిగ్గా తీసుకోరు.

1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ సంస్థ డీసీ-10 విమానం డెన్వర్ నుంచి షికాగో వెళ్తోంది. తోకలో ఉన్న ఇంజిన్ ఫ్యాన్ డిస్కు, అంటే ఫ్యాన్ రెక్కలు బిగించే టైటానియం చక్రం, గాల్లోనే పగిలింది. ఆ ముక్కల దెబ్బకు విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. సూ సిటీలో దించబోతుండగా విమానం కూలింది. 296 మందిలో 112 మంది చనిపోయారు. టైటానియం తయారైనప్పుడే లోహంలో చిన్న లోపం ఉండిపోయిందనీ, అక్కడ మొదలైన పగులు ఏళ్ల తరబడి పెరిగిందనీ దర్యాప్తులో తేలింది. ఇంకో సంగతీ బయటపడింది. తయారీ రికార్డులు తిరగేస్తే ఒకే సీరియల్ నంబరుతో రెండు డిస్కులు కనిపించాయి! కాగితం అక్కడ తప్పితే, అదే లోహంతో చేసిన మిగతా డిస్కులు ఏ విమానాల్లో తిరుగుతున్నాయో ఎలా పట్టుకుంటారు? మీ అమ్మాయి రాయబోయే బ్యాచ్ నంబర్లు, హీట్ నంబర్లు (లోహం ఏ కరిగింపులో తయారైందో చెప్పేవి) అందుకే.

ఇక ఏఎస్ 9100 సంగతి. తయారైన వస్తువును చివర్లో చూసి పాస్, ఫెయిల్ అనడం చాలదు, తయారుచేసే పద్ధతే సరిగ్గా ఉండాలన్న పట్టు అమెరికా రక్షణ శాఖది. దాని కోసం 1959లో మిల్-క్యూ-9858 అనే ప్రమాణం తెచ్చింది. బ్రిటన్‌లో 1979లో బీఎస్ 5750, ఆ తర్వాత 1987లో అన్ని పరిశ్రమలకూ కలిపి ఐఎస్ఓ 9000 వచ్చాయి. అన్ని పరిశ్రమలకూ అంటే బిస్కెట్ల ఫ్యాక్టరీకీ అదే. విమానాలవాళ్లకు అది చాల్లేదు. బోయింగ్ తన సప్లయర్లకు డీ1-9000 అని సొంత పుస్తకం పెట్టింది, మిగతా పెద్ద కంపెనీలవి వాళ్లకున్నాయి. ముగ్గురికి పార్టులు పంపే చిన్న మెషీన్ షాపు ముగ్గురి ఆడిట్లూ భరించాలి. అసలు ఇబ్బంది ఇదే. 1996లో రక్షణ శాఖ తన పాత ప్రమాణాన్ని రద్దు చేశాక పరిశ్రమే కూర్చుని 1997లో ఏఎస్ 9000 రాసుకుంది. తర్వాతి ఏడాది అమెరికా, యూరప్, ఆసియా కంపెనీలు ఒక బృందంగా ఏర్పడి, 1999లో ఏఎస్ 9100 తెచ్చాయి. యూరప్‌లో దాన్నే ఈఎన్ 9100 అంటారు.

ఏఎస్ 9100లో, ఐఎస్ఓ 9000 కుటుంబంలోని ఐఎస్ఓ 9001 మొత్తాన్నీ అలాగే ఉంచి, విమానానికి కావలసినవి దాని మీద చేర్చారు. 2016 నాటి డి రివిజన్‌లో నకిలీ విడిభాగాల నివారణ కూడా చేరింది. మీ అమ్మాయికి ఇందులో లాభమేమిటంటే, ఆదిభట్లలో నేర్చుకున్న పద్ధతే బోయింగ్ విమానాలు చేసే సియాటిల్‌లోనూ, ఎయిర్‌బస్ ఉన్న ఫ్రాన్స్‌లోని టులూజ్‌లోనూ నడుస్తుంది. రేపు కంపెనీ మారినా అనుభవం వృథా పోదు.

కోర్సుకు మాత్రం డబ్బు పెట్టకండి. ఏఎస్ 9100 సర్టిఫికెట్ ఇచ్చేది కంపెనీకి, మనిషికి కాదు. మనుషులకు ఆడిటర్ శిక్షణ వేరే ఉంది, అది రెండు మూడేళ్లు షాప్ ఫ్లోర్ చూశాక చేస్తేనే ఒంటబడుతుంది. పైగా ఇప్పుడున్న రివిజన్ స్థానంలో ఐఏ 9100 పేరుతో కొత్తది సిద్ధమవుతోంది. క్లాజు నంబర్లు బట్టీ పట్టినా మళ్లీ మొదటికే వస్తుంది.

చేరేలోపు ఉన్న రోజులన్నీ డ్రాయింగ్ చదవడం మీద కూర్చోమనండి, ముఖ్యంగా జీడీ అండ్ టీ గుర్తులు (పార్టు ఆకారంలో, స్థానంలో ఎంత తేడా ఒప్పుకుంటారో చెప్పేవి). మైక్రోమీటర్ చేత్తో పట్టుకుని రీడింగ్ తీయడం రావాలి. కాలేజీ ల్యాబ్‌లో నలుగురు కలిసి ఒక రీడింగ్ తీసి అందరూ రాసుకునే అలవాటు ఉంటుంది, అక్కడ అది కుదరదు. చేరాక మొదటి పార్టును డ్రాయింగ్‌తో కొలత కొలతా పోల్చే ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్‌లో వేయమని తనే అడగాలి. డిజైన్ మీద మోజుంటే అక్కడే పనికొచ్చేది నేర్చుకుంటుంది. గీసినంత తేలిగ్గా ఏది తయారవ్వదో అక్కడ కనిపిస్తుంది.

సంతకం పెట్టే ముందు బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కాగితం మీద చూపించమనండి.