చిప్ ఫొటో నల్లగా వస్తోందా? వెలుగు దిశ మార్చి చూడండి

బయాలజీ మైక్రోస్కోపు కింద కంప్యూటర్ చిప్ పెడితే అంతా నల్లగా వస్తోందని, లైటు పెంచినా లాభం లేదని రాశారు కదా. టెన్షన్ పడకండి, మైక్రోస్కోపు బాగానే ఉంది. దాని దీపం ఉండేది కింద. ఉల్లిపొర అయితే ఆ వెలుగు దాటి పైకొస్తుంది, సిలికాన్‌లోంచి దాటదు. మీరు చూస్తున్నది చిప్ నీడ, అంతే.

కింది దీపం ఆపేసి 4ఎక్స్ లెన్సు పెట్టండి. టార్చిని పక్కనుంచి వాలుగా వేస్తే గీతల అంచులే మెరుస్తాయి, మిగతాది చీకటే. రంగులు కావాలంటే వెలుగు నిట్టనిలువుగా దిగాలి. అందుకు లెన్సుకీ చిప్‌కీ మధ్య ఒక కవర్ గ్లాసును (స్లైడు మీద కప్పే పలుచని గాజు బిళ్ల) 45 డిగ్రీల వాలులో నిలబెట్టి, పక్కనుంచి టార్చి వేయండి. గాజు కొంత వెలుగును కిందికి తిప్పుతుంది, తిరిగొచ్చేది గాజును దాటి లెన్సులోకి పోతుంది. నీళ్లమీద నూనె తెట్టులా ఆకుపచ్చ, గులాబీ రంగులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అవి చిప్ మీది పలుచని ఆక్సైడ్ పొరలు చేసే మాయ. పొర మందం మారితే రంగూ మారుతుంది.

40ఎక్స్ జోలికి పోకండి. అక్కడ గాజు పట్టేంత సందు ఉండదు, పైగా దాని మీద 0.17 అని ఉంటే అది 0.17 మి.మీ. కవర్ గ్లాసు కప్పిన స్లైడు కోసం చేసిన లెన్సు, చిప్ మీద ఆ కప్పు ఉండదు కదా.

ఇంకోమాట, చిప్ మీది ప్లాస్టిక్ తొడుగు విప్పడానికి ఇంట్లో నైట్రిక్ యాసిడ్ వద్దే వద్దు. లోపలి చిప్ కనిపించేలా గాజు కిటికీ ఉన్న పాత ఈప్రామ్ (ఒక రకం మెమరీ చిప్) దొరికితే అసలు విప్పే పనే లేదు.