డ్యాం కింద టెంటు వేసుకునే ముందు

చిరంజీవి శీనుకి,

నార్త్ డకోటా బిస్మార్క్ నుంచి పెద్దమ్మ దీవించి రాసేది. మేమిక్కడ కులాసా. నా మోకాళ్ళ సంగతి మాత్రం అడక్కు.

మొన్న ఫోన్లో "జూలై నాలుగుకి గ్యారిసన్ డ్యాం కింద క్యాంపింగ్, సైటు దొరికింది పెద్దమ్మా" అన్నావు. దొరకడమే గొప్ప. ఆ డౌన్‌స్ట్రీమ్ క్యాంప్‌గ్రౌండ్‌కి ఆరు నెలల ముందు నుంచే బుకింగులు మొదలవుతాయి, పండగ రోజులు ముందే పోతాయి. నాలుగు జాగ్రత్తలు చెప్పబోతే "వీడియోలు చూశాంలే" అన్నావు. వీడియోల వాళ్ళు ఎండలో నవ్వుతూ టెంటు వేసి వెళ్ళిపోతారు. పాతికేళ్ళుగా ఏటా అక్కడ పడుకున్నదాన్ని నేను. ఫోన్లో అయితే ఊఁ కొట్టి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నా. లావణ్య చేత కూడా చదివించు. మీ ఇద్దరిలో వినేది ఆ పిల్లే.

ముందు మిస్సోరి నది సంగతి. మీ అమ్మా నేనూ పెరిగింది నాగార్జునసాగర్ హిల్ కాలనీలో కదా. తాతయ్య డ్యాం పనిలో ఉండబట్టి, అన్నం తింటూ కూడా గేట్లూ క్యూసెక్కులే మా ఇంట్లో కబుర్లు. సాగర్‌కి గేట్లు 26, ఈ గ్యారిసన్‌కి 28. అక్కడితో పోలిక సరి. సాగర్ రాతికట్టడం, 124 మీటర్లు నిటారుగా నిలబడి దూరం నుంచే భయపెడుతుంది. ఇది మట్టికట్ట. రెండు మైళ్ళ పైన పొడవు, 210 అడుగుల ఎత్తు, మీద గడ్డి. కింద నుంచి చూస్తే పశువులు మేసే పచ్చటి గుట్టలా ఉంటుంది. దాని వెనకాల 178 మైళ్ళ సరస్సు నిలబడి ఉందన్న మాట మనసుకి ఎక్కదు. పిల్లలకైతే అసలే ఎక్కదు.

గేట్లు మూసి ఉన్నాయి కదా అని ధీమా వద్దు. మిగులు నీళ్ళు వదిలే ఆ స్పిల్‌వే గేట్లని వరద కోసం మొదటిసారి ఎత్తింది డ్యాం కట్టిన దాదాపు అరవై ఏళ్ళకి, 2011లో. అప్పుడు లక్షన్నర క్యూసెక్కులు వదిలారు. మామూలు రోజుల్లో ఇరవై వేలకి అటూ ఇటూ ఉంటుంది. నీ కాళ్ళ దగ్గరికి రోజూ వచ్చేది గేట్ల నీళ్ళు కాదు, టర్బైన్ల నీళ్ళు. అయిదు యూనిట్లు, 583 మెగావాట్లు. ఎక్కడో ఊళ్ళలో సాయంత్రం ఏసీలు తిరిగితే ఇక్కడ మిస్సోరి ఎక్కుతుంది, అర్ధరాత్రి వాళ్ళు లైట్లు ఆర్పితే దిగుతుంది. మన ఊళ్ళో వాగు పొంగాలంటే పైన ఎక్కడో మబ్బు పట్టాలి, నీళ్ళు ఎర్రబడాలి, చెత్త కొట్టుకురావాలి. ఇక్కడ అవేవీ ఉండవు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, నీళ్ళు అద్దంలా ఉంటాయి, నువ్వు నిలబడ్డ ఇసుక మాత్రం కాస్త కాస్తగా తగ్గిపోతుంది.

మొదటి ఏడు మీ పెదనాన్న చేసిన ఘనకార్యం చెప్తా. పొద్దున్నే మడమల లోతు నీళ్ళలో నడిచి ఒక ఇసుక తిన్నె మీదికి వెళ్ళి గాలం వేశారు. కుర్చీ, కూలర్, టీ ఫ్లాస్కు, అంతా వైభోగం. మూడు గంటలకి నేను ఒడ్డు నుంచి చూస్తే తిన్నె సగమైంది. కేకేశా. చేప పడుతోంది ఆగమన్నారు. చివరికి తొడల దాకా నీళ్ళలో, గాలం నెత్తిన పెట్టుకుని బయటపడ్డారు. కూలర్, నా కొత్త ఫ్లాస్కు సౌత్ డకోటా వైపు సాగిపోయాయి. ఇప్పుడు నవ్వుతాం గానీ ఆ రోజు నేను నవ్వలేదు. అంత చల్లటి నీళ్ళలో ఇంకో పది నిమిషాలు ఉంటే కాళ్ళు ఆయన మాట వినేవి కావు. ఆ నీళ్ళు సరస్సు లోతుల్లోంచి వస్తాయి. జూలైలో కూడా చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి.

2014 జూన్ 8 నీకు గుర్తుండే ఉంటుంది. హిమాచల్‌లో బియాస్ నదిలో, లార్జీ డ్యాం దిగువన, రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. ఆ వీడియో నేను రెండోసారి చూడలేకపోయాను. నీళ్ళు కొండలా వచ్చి మీద పడలేదు. చీలమండ దగ్గర మొదలై, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకునే లోపల ఎక్కేశాయి. గ్యారిసన్ దగ్గర నది వెడల్పు, నేల చదును, అంత ఉధృతి రాకపోవచ్చు. అయినా డ్యాం కింద అనే మాట వినగానే నాకు ఆ పిల్లలే కళ్ళలో మెదులుతారు.

కాబట్టి వెళ్ళగానే నీటి అంచున ఒక కర్ర గుచ్చు. చింటూని దానికి కాపలా పెట్టు. గంటగంటకీ నీళ్ళు ఎంత ఎక్కాయో, ఎంత దిగాయో వాడు చెప్పాలి. వాడికి ఆట, నీకు లెక్క. తిన్నెల మీదికి ఎవరూ వెళ్ళొద్దు. అవి ఆ ప్లోవర్ పిట్టలు గుడ్లు పెట్టుకునే చోట్లు కూడా, చట్టం ఊరుకోదు. పవర్‌హౌస్ దగ్గర హెచ్చరిక బోర్డులుంటాయి, అవతల ఎవరు గాలం వేస్తున్నా నువ్వు ఇవతలే ఆగు. సైరన్ మోగుతుందేమో, అప్పుడు కదులుదాం అని కూర్చోకు. పిల్లలు ఒడ్డున ఆడుకుంటున్నంతసేపూ లైఫ్‌జాకెట్ ఒంటి మీద ఉండాలి. సంచిలో ఉన్న లైఫ్‌జాకెట్ దేనికీ పనికిరాదు. ఈత కావాలంటే డ్యాం ఎక్కి సరస్సు వైపు స్టేట్ పార్కుకి తీసుకెళ్ళు.

ఇక గాలి. ఫార్గోలో ఉండేవాడివి, గాలి గురించి నీకు చెప్పాలా అనుకున్నా. కానీ ఇంట్లో ఉండి వినే గాలి వేరు, గుడ్డ గోడల వెనక పడుకుని వినే గాలి వేరు. ఆ మైదానంలో దానికి అడ్డే లేదు. క్యాంప్‌గ్రౌండ్ నది పక్కన పల్లంలో, కాటన్‌వుడ్ చెట్ల మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం. ఆ చెట్లు చూడ్డానికి మహా అందం, జూన్ ఆఖరికి మన బూరుగులాగే దూది వదులుతాయి, పెరుగన్నంలో కూడా పడుతుంది. కానీ చెప్పాపెట్టకుండా కొమ్మలు విరుస్తాయి. టెంటు వేసే ముందు తలెత్తి చూడు. ఎండుకొమ్మ ఉంటే ఎంత నీడ ఉన్నా వద్దు. నేల ఇసుక నేల, టెంటుతో వచ్చే జానెడు మేకులు నిలవవు. మూరెడు మేకులు కావాలి. మా దగ్గరున్నాయి, ఆ సంగతి కింద రాస్తా.

సాయంత్రం పడమర వైపు మబ్బు నల్లగా, అంచు గీత గీసినట్టు కనిపించి, గాలి ఒక్కసారి ఆగి చల్లబడిందనుకో, టెంటులో కూర్చుని జిప్పు వేసుకోకు. ఆ ప్రాంతంలో జూలై ఉరుములంటే గోళీలంత వడగళ్ళు, అప్పుడప్పుడు సుడిగాలి. పిల్లల్ని తీసుకుని ఇటుకల స్నానాలగది కట్టడమో, కనీసం కారో చూసుకో. టెంటు పోతే పోనీ. వాతావరణ రేడియో ఒకటి కొనుక్కో, ఫోను సిగ్నల్‌ని నమ్ముకోకు. పగలు తొంభై ఫారెన్‌హీట్ ఉన్నా రాత్రి యాభైల్లోకి దిగుతుంది, దుప్పట్లు లెక్కకి ఒకటి ఎక్కువ పెట్టుకో. ఆ రోజుల్లో పొద్దు గూకేది రాత్రి పావు తక్కువ పదికి. పాప నిద్రపోదు. పోనీలే అని వదిలెయ్, రెండు రోజులకి కొంపలేం మునగవు.

పురుగుల గురించి క్లుప్తంగా. దోమలు మన కాలవగట్టు దోమలకి మేనత్తలు. సూర్యుడు వాలగానే పొడుగు చేతులు, పొడుగు ప్యాంట్లు, డీట్ ఉన్న మందు. గడ్డిలో పిడుదులుంటాయి. రోజూ పడుకునే ముందు పిల్లల చెవుల వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో చూడు. అంటుకున్నదాన్ని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి మెల్లగా పైకి లాగు, కిరసనాయిలు వైద్యాలు చెయ్యకు. ఇంకోటి, ఏటి ఒడ్డున మారేడు దళంలా మూడేసి ఆకులున్న మొక్క కనిపిస్తే ముట్టుకోకండి. పాయిజన్ ఐవీ అది. మీ పెదనాన్న శివపూజ గుర్తొచ్చి కోశారని నేనిక్కడ రాయడం లేదు, నువ్వే ఊహించుకో.

వంట దగ్గర మీరు తప్పకుండా తప్పు చేస్తారు. మీ వయసులో మేమూ చేశాం. పెనం పట్టుకెళ్ళి దోసెలు పోస్తామన్నాం. గాలికి స్టవ్ మంట ఒక పక్కకి వాలి, దోసె సగం మాడి సగం పచ్చిగా, చివరికి ఉప్మాలాగా కెలికి తిన్నాం. మొదటి రాత్రికి పులిహోర ఇంట్లోనే కలిపి తీసుకెళ్ళు. రెండో రోజుకి కోడికూర ముందే వండి డబ్బాలో గడ్డకట్టించు, కూలర్‌లో అదే ఐసుముక్కలా పనిచేస్తుంది. పెరుగు, ఆవకాయ, వేయించిన అప్పడాలు ఉంటే ఇంకేం కావాలి? స్టవ్‌కి మూడు వైపులా రేకు అడ్డం పెట్టు. రాత్రి ఎంగిలి కంచాలు బయట వదిలేస్తే రకూన్లు విస్తరి పరుచుకుంటాయి, పిల్లి అనుకుని ఉడుకురక్తంతో తరిమేవు, ఆ నల్లతెల్ల చారల స్కంకు కంపు వారం పోదు. గిన్నెలు తాగునీటి కొళాయి దగ్గర కడగొద్దు, పక్కవాళ్ళు మొహం మీద ఏమీ అనరు గానీ మన వాళ్ళందరి గురించీ అనుకుంటారు.

కట్టెలు ఫార్గో నుంచి మోసుకెళ్ళకు. వాటితో పాటు పురుగులు ఊళ్ళు మారతాయి, అక్కడే కొనుక్కో. గాలి బాగా ఉన్న రోజు అసలు మంట వెయ్యకు, నిషేధం ఉందేమో గేటు దగ్గర అడుగు. అన్నట్టు, ఆ భూమి అమెరికా సైన్యం ఇంజనీర్ల విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌ది, టపాకాయలు కుదరవు. చింటూకి ఇప్పుడే చెప్పేయ్, అక్కడ ఏడిపించకు. పెద్దవయసు వాళ్ళకిచ్చే నా సీనియర్ పాసు పట్టుకెళ్తే సగం ధర అని లావణ్య అడిగింది. పాసున్న మనిషి కూడా ఉండాలమ్మా, నన్ను కారు డిక్కీలో పెట్టుకెళ్తారా?

చేపలు పడితే వాలై రుచి. కారం, పసుపు, నిమ్మకాయ పట్టించి పెనం మీద వేస్తే కొరమేనుని మరిపిస్తుంది. పదహారు నిండినవాళ్ళకి లైసెన్సు ఉండాలి, ముందే తీసుకో. పడకపోయినా బెంగలేదు, డ్యాం కిందే చేపపిల్లల్ని పెంచే కేంద్రం ఉంది. అంతరించిపోతున్న పాలిడ్ స్టర్జన్‌ని అక్కడే పెంచి నదిలో వదులుతారు. పారలాంటి మూతి, ఎముకల వీపు, రాక్షసబల్లుల కాలం నాటి చేప. పాప వదిలి రాదు.

ఒక పూట స్టాంటన్ దగ్గర నైఫ్ రివర్ ఇండియన్ విలేజెస్‌కి తీసుకెళ్ళు. హిడట్సా అనే ఆదివాసుల మట్టి ఇల్లు ఒకటి కట్టి ఉంచారు. లోపల ఎండాకాలంలో కూడా మన మిద్దె ఇంట్లోలా చల్లగా ఉంటుంది. డ్యాం వెనక సరస్సుకి ఎవరి పేరు పెట్టారో ఆ సకకావియా ఆ ఊళ్ళలోనే ఉండేది, పడమటి దారులు వెతుక్కుంటూ లూయిస్, క్లార్క్ 1804 చలికాలంలో ఇటొచ్చారు, తర్వాత ఆవిడ వాళ్ళకి తోడు వెళ్ళింది. పిల్లలకి ఆ కథ చెప్తారు సరే, రెండో కథ కూడా చెప్పు. ఈ డ్యాం కోసం మాండన్, హిడట్సా, అరికరా వాళ్ళ భూమి లక్షన్నర ఎకరాల పైన మునిగింది. అదంతా మక్కజొన్న, చిక్కుడు పండే నది పల్లం. ఎల్బోవుడ్స్ అనే ఊరు ఊరంతా నీళ్ళ కిందే ఉంది. 1948లో ఆ భూమి అప్పగించే సంతకాలప్పుడు వాళ్ళ తెగల మండలి అధ్యక్షుడు జార్జ్ జిలెట్ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న ఫొటో ఉంది. అది చూసినప్పుడల్లా నాకు తాతయ్య గుర్తొస్తారు. నాగార్జునకొండ లోయ మునిగేటప్పుడు శిల్పాల్ని జాగ్రత్తగా కొండ మీదికి చేర్చారని గొప్పగా చెప్పేవారు. "మరి ఆ ఊళ్ళ వాళ్ళో?" అని మీ అమ్మ అడిగితే మాట మార్చేవారు. మనం డ్యాం నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం శీనూ, నేనేమీ పెద్దగా మాట్లాడలేను.

డ్యాం పక్క ఊరు రివర్‌డేల్‌కి హైవే 83 మీదే వస్తారు కాబట్టి బిస్మార్క్‌లో ఆగక తప్పదు. మధ్యాహ్నం రెండు లోపల రండి, అన్నం తిని బయల్దేరితే వెలుతురు ఉండగానే టెంటు వేసుకోవచ్చు. గోంగూర పచ్చడి సీసాలో పెట్టి ఉంచా. మూరెడు మేకులు గ్యారేజీలో, ఎర్ర డబ్బాలో ఉన్నాయి. పన్నెండు. క్రితంసారి నువ్వు పది తెచ్చిచ్చావు.

మీ
పెద్దమ్మ