రీఫ్ ట్యాంకులో నీళ్లు తప్పకుండా మార్చాలా? 14 నెలలు మార్చకుండా చూశాను

మీరు అడిగింది ఇది: మూడు నెలల కిందట 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టారు, వారం వారం నీళ్లు మోసి విసుగొస్తోంది, ఏళ్ల తరబడి ఒక్క బకెట్టు కూడా మార్చకుండా పగడాలు పెంచేవారున్నారని విన్నారు, మరి ఈ చాకిరీ నిజంగా అవసరమా అని.

విన్నది నిజమే, అలాంటివారున్నారు. 2019 జనవరి నుంచి 2020 మార్చి మొదటి దాకా, 14 నెలలు, నేనూ వారిలో ఒకణ్ని. ఇప్పుడు మళ్లీ మారుస్తున్నాను, అయితే మొదట్లో మార్చిన కారణంతో కాదు.

మాది డాలస్ శివారు. ట్యాంకు 75 గ్యాలన్లు, అంటే సుమారు 280 లీటర్లు. 2017లో పెట్టాను. రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపు ట్యాంగ్ చేప, మెత్తటి లెదర్ పగడం, పూలలా తెరుచుకునే జోయాంథిడ్లు, అన్నిటికన్నా ముద్దుగా పెంచుకున్న హామర్ అనే గట్టి పగడం. మొదటి రెండేళ్లు ఏ ఆదివారం తప్పకుండా 10 శాతం, అంటే 28 లీటర్లు మార్చేవాణ్ని. దానికి వారానికో కిలో ఉప్పు. కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ, గరాజులో డ్రమ్ము ముందు కూర్చుని ఉప్పు కలుపుతున్న నన్ను చూసి, "సముద్రం పక్కన పుట్టినవాడివి, ఇక్కడికొచ్చి సముద్రాన్ని కొనుక్కుంటున్నావా?" అని నవ్వింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

నీళ్లు మారిస్తే ట్యాంకు శుభ్రపడుతుందని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ని. కాగితం మీద లెక్క వేశాక ఆ నమ్మకం సడలింది. మేత వల్ల వారానికి 2 పీపీఎం (పది లక్షల పాళ్లకు 2) నైట్రేట్ పెరుగుతోందనుకోండి. వారానికి 10 శాతం మారిస్తే అది పోదు. పెరిగి పెరిగి 20 దగ్గర ఆగుతుంది. 20లో పదో వంతు 2 కాబట్టి, ఆ వారం పుట్టినంత ఆ వారం బకెట్టులో పోతుంది. అంతే. మరీ ఎక్కువగా ఉంటే ఒకేసారి సగం నీళ్లు మార్చినా, ఆ ఎక్కువ సగమవుతుంది తప్ప సున్నా కాదు. నైట్రేట్‌ను నిజంగా తగ్గించేది లైవ్ రాక్ అనే సముద్రపు రాళ్ల లోపలి బ్యాక్టీరియా, నురుగుతో మురికి లాగే స్కిమ్మరు, ట్యాంకు కింది తొట్టి అయిన సంప్‌లో పెంచే కీటో నాచు, అన్నిటికన్నా ముందు మేత వేసే మన చెయ్యి.

ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు) సంగతి ఇంకా తేట. గట్టి పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం, కార్బొనేట్ రోజూ వాడుకుంటాయి. ట్యాంకు రోజుకు అర డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) తింటే వారానికి మూడున్నర. 8.5 నుంచి 5కు పడిపోయిన నీళ్లలో పదో వంతు తీసి 8.5 ఉన్న కొత్త నీళ్లు పోస్తే పెరిగేది 0.35. ఆకలితో ఉన్నవాడికి ఒక మెతుకు పెట్టినట్టు. కాబట్టి గట్టి పగడాలు బాగా పెరుగుతున్న ట్యాంకును నీటి మార్పుతోనే పోషిస్తామనుకోవడం భ్రమ. చిన్న ట్యాంకు, మెత్తటి పగడాలు అయితే మాత్రం అదొక్కటే చాలు. 50 లీటర్ల ట్యాంకుకు ఈ లవణాలను కొంచెం కొంచెంగా వేసే డోసింగ్ పంపులు బిగించేవారిని చూస్తే నాకు ఆశ్చర్యమే.

2018 డిసెంబరులో మాకు రెండో పాప పుట్టింది. ఆదివారాలు ఎటు పోయాయో తెలియలేదు. ఈ లెక్కలన్నీ చేతిలో ఉన్నాయి కదా అని నీళ్లు మార్చడం మానేశాను. ఇష్టారాజ్యంగా కాదు లెండి. సంప్‌లో కీటో, మంచి స్కిమ్మరు, నెలకోసారి కార్బన్, పంపు ద్వారా రోజూ సోడియం బైకార్బొనేట్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలు. వారానికోసారి ఆల్కలినిటీ, కాల్షియం, నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షలు. ఏడాది పాటు ట్యాంకు అద్భుతంగా ఉంది. రెండు తలల హామర్ ఐదు తలలైంది. ఆదివారాలన్నీ అనవసరంగా పోగొట్టుకున్నానని స్నేహితులకు ఉపన్యాసాలు కూడా ఇచ్చాను.

ఆ రోజుల్లో ఒకటే చికాకు: నీళ్లలో ఉప్పదనం నెమ్మదిగా పెరుగుతూ ఉండేది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు పాడైందనుకున్నాను. పాడవలేదు. ఆ రెండు ద్రావణాల్లోంచి పగడం కాల్షియం కార్బొనేట్‌ను తీసుకున్నాక మిగిలేది సోడియం, క్లోరైడ్, అంటే వంట ఉప్పు. రోజుకు అర డీకేహెచ్ వాడే 280 లీటర్ల ట్యాంకులో ఏడాదికి దాదాపు ఒక కిలో పోగవుతుంది. వెయ్యి పాళ్లకు 35 ఉండవలసిన ఉప్పదనం అలా ఎగబాకుతుంటే నేను కొంత నీరు తీసి ఉత్త ఆర్‌ఓ నీరు పోసి సరిచేసేవాణ్ని. తీసిన నీళ్లతో పొటాషియం, సల్ఫేట్ లాంటివి కూడా పోతాయని, తిరిగి రావని అప్పుడు తట్టలేదు. 35 అంకె చూసి తృప్తి పడ్డాను. అందులో వంట ఉప్పు పాలు పెరిగి, మిగతా వాటి పాలు తరుగుతోంది.

అసలు దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో రెండు నత్తలు అద్దం మీద నుంచి ఇసుకలో పడ్డాయి. నత్తలు చస్తూనే ఉంటాయి, పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి ఇంకో నాలుగు. జోయాంథిడ్లు తెరుచుకోవడం మానేశాయి. నా పరీక్షల్లో అంకెలన్నీ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు ఉన్నాయి. చివరికి నీళ్లు ఐసీపీ పరీక్షకు (మూలకాలను కొలిచే ల్యాబు పరీక్ష) పంపితే రాగి, నికెల్ ఉండవలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువని, అయొడిన్ దాదాపు లేదని వచ్చింది. ట్యాంకంతా వెతికితే, అద్దం తుడిచే అయస్కాంతం ప్లాస్టిక్ తొడుగు వెంట్రుకంత పగిలి, లోపల తుప్పు పట్టి కనిపించింది. అలాంటి అయస్కాంతాలకు రాగి, నికెల్ పూత ఉంటుంది. చేపకు ఏమీ కాని మోతాదులో రాగి నత్తను చంపేస్తుంది.

నీళ్లు మారుస్తూ ఉంటే ఇది జరిగేది కాదా? తుప్పు పట్టేది పట్టకమానదు. కానీ పైన చెప్పిన నైట్రేట్ లెక్కే దీనికీ పనిచేస్తుంది: వారానికి పదో వంతు మారుస్తుంటే, కారేది ఎన్నాళ్లు కారినా నీళ్లలో నిలిచేది పది వారాల మోతాదును దాటదు. మార్చకపోతే ఎన్ని వారాలైతే అన్ని వారాల మోతాదూ పేరుకుంటుంది. ఆ అయస్కాంతం ఎప్పుడు పగిలిందో నాకు తెలియదు. తెలియకపోవడమే ఇక్కడ అసలు విషయం. నేను కొలిచేవాటి సంగతి నీళ్లు మార్చకుండానే చూసుకోగలను. కొలవనివాటికి గట్టు వేసేది నీటి మార్పే.

అప్పుడు వారానికి రెండుసార్లు, 20 శాతం చొప్పున మూడు వారాలు మార్చాను. ఆరు మార్పుల తర్వాత లెక్క ప్రకారం పాత నీళ్లలో నాలుగో వంతే మిగులుతుంది. లోహాలను పీల్చే రెసిన్ కూడా వేశాను. జోయాంథిడ్లు సగం బతికాయి. హామర్ రెండు తలలు పోగొట్టుకుంది.

అవతలి వైపు కూడా చెప్పాలి. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా మామయ్యకు ఫోనులో ఇదంతా చెబితే, "ఆ కొత్త నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నావురా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. తొంభైల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన రోజులు చూసినవారు ఆయన. కాలువ నీళ్లతో పాటే రోగం వచ్చేది. వనామీ రకం రొయ్య వచ్చాక ఆయన నీళ్లను ముందు వేరే చెరువులో నిలబెట్టి, క్లోరిన్ కొట్టి, ఆ తర్వాతే లోపలికి వదులుతున్నారు. మార్పిడి కూడా బాగా తగ్గించేశారు. ఆ ప్రశ్న నాకు బాగా పనికొచ్చింది. మా కుళాయి నీళ్లలో క్రిములను చంపడానికి కలిపే క్లోరమైన్ ఉంటుంది. ఆర్‌ఓలో కార్బన్ ఫిల్టరు పాతబడితే అది దాటి రావచ్చు, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ మీటరు క్లోరమైన్‌ను పట్టుకోలేదు. ఇప్పుడు కార్బన్‌ను ఆరు నెలలకోసారి మారుస్తాను, క్లోరిన్ పట్టీతో పరీక్షిస్తాను. చెడ్డ నీళ్లతో మార్చడం కన్నా మార్చకపోవడం మేలు.

2021 ఫిబ్రవరి మంచు తుపాను గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. మా ఇంట్లో రెండు రోజులు లేదు. ట్యాంకు 25 డిగ్రీల నుంచి 17కు దిగింది. దుప్పట్లు కప్పి, బ్యాటరీ గాలి పంపు పెట్టి కూర్చున్నాం. ట్యాంగ్ పోయింది, రాళ్ల సందుల్లో ఏవేవో చచ్చి అమ్మోనియా కనిపించింది. కుళాయిలో ఒత్తిడి లేదు, కాబట్టి ఆర్‌ఓ నీళ్లు లేవు. ఉన్నది గరాజు నుంచి ఇంట్లోకి లాక్కొచ్చిన డ్రమ్ములో ముందే కలిపిపెట్టిన 120 లీటర్లు. బిర్యానీ వండే స్టీలు గిన్నెలో, గ్యాసు పొయ్యి మీద కొంచెం కొంచెంగా వెచ్చబెట్టి, ఒకే రాత్రి 40 శాతానికి పైగా మార్చాం. మిగిలినవన్నీ బతికాయి. మామూలు రోజుల్లో నీళ్లు మార్చని ఇంట్లో ఆ డ్రమ్ము నిండుగా ఉండేదా అంటే, 2019లో నా డ్రమ్ములో అట్టపెట్టెలు ఉండేవి.

జర్మనీ నుంచి వచ్చిన ట్రైటన్ లాంటి పద్ధతులు నీళ్లు మార్చనక్కర్లేదనే చెబుతాయి, అవి పనిచేస్తాయి కూడా. కానీ అందులో క్రమంగా ఐసీపీ పరీక్ష, పెద్ద నాచు గది, సూక్ష్మ మూలకాలు కూడా చేర్చిన డోసింగ్ అన్నీ భాగం. బకెట్టు బదులు పోస్టులో సీసాలు పంపుతారు. బద్ధకం కోసం ఆ దారి పడితే నాలాగే అవుతుంది.

మీ ట్యాంకు వయసు మూడు నెలలు. అందులో ఏం జరుగుతోందో మీకు, ట్యాంకుకు ఇద్దరికీ ఇంకా తెలియదు. ఏడాది నిండేదాకా రెండు వారాలకోసారి 20 లీటర్లు మార్చండి, వారం వారం అక్కర్లేదు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు వస్తే మాత్రం కొన్నాళ్లు ఆపండి. 2018లో ఎక్కువగా కడిగి కడిగి డైనోఫ్లాజెలేట్లనే సూక్ష్మజీవుల గోధుమరంగు జిగురు తెచ్చిపెట్టుకున్నాను, వదిలించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మీరు భారతదేశంలో ఉన్నట్లయితే ఇంకొకటి: గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, ఎక్కడ ఎవరు అమ్మినా కొనకండి.

పోసే ముందు బకెట్టులో ఆల్కలినిటీ కొలవండి. పోయిన నెల నేను తెరిచిన కొత్త ఉప్పు 11.4 చూపించింది, ట్యాంకులో 8.3. ఆ ఆదివారం 28 లీటర్లకు బదులు పది లీటర్లే పోసి, మిగతాది డ్రమ్ములో ఉంచాను.